కోచ్‌ని తీసేశారు, మరి నా సంగతేంటక్కా?

ఈసారి ఉత్తరం అమెరికా నుంచి. రాసిన అబ్బాయికి 27 ఏళ్లు, పేరు గానీ యూనివర్సిటీ గానీ బయటపెట్టొద్దన్నాడు. సొంతూరు నరసరావుపేట పక్కన, నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. ఎంఎస్ అనలిటిక్స్ చేద్దామని అక్కడ దక్షిణాది రాష్ట్రంలో ఓ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు, రెండో సెమిస్టర్‌లో కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి డేటా ఎంట్రీ చేసే స్టూడెంట్లు కావాలంటే ఊరికే చేరాడు (మన ఫుట్‌బాల్ కాదండోయ్, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడేది). ప్రతి ప్లేనీ వీడియోలో ఆపి ఎన్నో డౌన్ (బంతిని ముందుకు తీసుకెళ్లే ప్రయత్నాన్ని డౌన్ అంటారు), ఎన్ని గజాలు కావాలి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, అవతలి డిఫెన్స్ ఏ కవరేజ్ వేసింది అని ట్యాగ్ చేయడం. నచ్చింది, చదువయ్యాక వాళ్లే ఏడాదికి 46 వేల డాలర్లకి అఫెన్సివ్ అనలిస్ట్‌గా, అంటే బంతి చేతిలో ఉన్నప్పటి ఆటని విశ్లేషించేవాడిగా తీసుకున్నారు.

నవంబర్‌లో హెడ్ కోచ్‌ని తీసేశారు. "ఆదివారం 11కి మీటింగ్ అని మెసేజ్ వచ్చిందక్కా, పది నిమిషాల్లో అయిపోయింది. మమ్మల్ని ఏం చేయమంటారో ఎవరూ చెప్పలా. అలవాటు కొద్దీ వెళ్లి నా సీట్లో కూర్చుని ముందురోజు మ్యాచ్‌లో థర్డ్ డౌన్‌లన్నీ ట్యాగ్ చేశా రాత్రి రెండింటిదాకా. ఎవరికోసమో నాకే తెలీదు." ఈ రెండు లైన్ల దగ్గర కాసేపు ఆగిపోయాన్నేను.

ఇప్పుడతని ముందు మూడు దార్లున్నాయి. కొత్త కోచ్ మనుషులు ఉండమన్నారు, కానీ అఫెన్స్ రూమ్‌లో కాదు, రిక్రూటింగ్ సైడ్ "డేటా అనలిస్ట్" గా, 50 వేలకి. ఇతనికది డిమోషన్‌లా అనిపిస్తోంది. రెండోది, ఇతన్ని మొదట చేరదీసిన పాత అఫెన్సివ్ కోఆర్డినేటర్ ఇంకో చిన్న యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు, నాతో వచ్చేయ్, డైరెక్టర్ ఆఫ్ అనలిటిక్స్ అని పెడతా, 62 వేలు ఇప్పిస్తా అంటున్నాడు, కాకపోతే జూలైలో కొత్త బడ్జెట్ వచ్చేదాకా కాంట్రాక్టర్‌గా చేయమంటున్నాడు. మూడోది నాన్న ఫ్రెండ్ కొడుకు చెప్పిన డాలస్ కన్సల్టెన్సీ, 95 వేలు, "ఎక్స్‌పీరియన్స్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారట. ఇక్కడ జీతం జనవరి 31 దాకానే గ్యారంటీ. స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతి) అక్టోబర్‌తో అయిపోతుంది, అందులో ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే రోజుల్లో మొదట్లోనే 41 ఖర్చయ్యాయి. ఇంటి దగ్గర లోన్ ఇంకా 28 లక్షలు, నెలకి 34 వేలు ఈఎంఐ. మేలో నిశ్చితార్థం పెట్టుకుందాం రా అంటున్నారు. నాన్నేమో "బంతాట కోసమా పొలం తాకట్టు పెట్టింది" అంటున్నాడు. చివర్లో రాశాడు: "నాకు దారి చూపించినాయన్ని కాదని పాత ఆఫీసులోనే ఉండిపోతే ద్రోహం కాదా? మూడుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు."

తమ్ముడూ, నేనూ అక్కడే ఓ యూనివర్సిటీ హెచ్‌ఆర్‌లో పదకొండేళ్లు చేశాను. ఫుట్‌బాల్ నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది, కానీ కోచ్ మారిన వారంలో మా కౌంటర్ దగ్గర క్యూ ఎలా ఉంటుందో బాగా తెలుసు. అట్టపెట్టెల్లో లోగో ఉన్న టీషర్టులు పట్టుకుని వచ్చేవాళ్లు, నీలాంటి వయసు వాళ్లే ఎక్కువ, ఒకతనైతే ఇన్సూరెన్స్ ఈ నెలాఖరుదాకా ఉంటుందా, వచ్చే గురువారం మా ఆవిడకి డెలివరీ డేట్ అని అడిగాడు. అదే వారం హెడ్ కోచ్ తరఫున వచ్చింది ఏజెంటూ లాయరూ.

ముందు ద్రోహం సంగతి తేలుద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో లెక్కలన్నీ దాని కింద నలిగిపోతున్నాయి.

మన సినిమావాళ్ల పద్ధతి నీకు తెలుసుగా. డైరెక్టర్ మారితే డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ మొత్తం మారుతుంది, కో-డైరెక్టర్ దగ్గర్నుంచి క్లాప్ కొట్టే కుర్రాడి దాకా. మీ దగ్గరా అంతే. హెడ్ కోచ్ డైరెక్టర్, కోఆర్డినేటర్లు కో-డైరెక్టర్లు, తర్వాత పొజిషన్ కోచ్‌లు, వాళ్ల కింద నువ్వూ, క్వాలిటీ కంట్రోల్ వాళ్లూ, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లూ. పై వరసలో ఒక్కడు కదిలితే ఆ గొలుసంతా కదుల్తుంది, అది తప్పని ఎవరూ అనుకోరు. కోచ్ లేన్ కిఫిన్‌నే చూడు, 2025 నవంబర్ 30న, టీమ్ 11 గెలిచి ఒక్కటే ఓడి ప్లేఆఫ్‌కి రెడీగా ఉన్న టైములో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) వదిలేసి ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్) వెళ్లిపోయాడు. ఆయన కోఆర్డినేటర్ చార్లీ వైస్ జూనియర్ ఆయన వెంటే ఎల్‌ఎస్‌యూకి వెళ్తూనే, ప్లేఆఫ్ మ్యాచ్‌లు మాత్రం ఓల్ మిస్‌కే చేసిపెట్టాడు. మన ఊళ్లో అయితే పెళ్లివారి ఇంట్లో తిని అవతలివాళ్ల బస్సెక్కాడంటారు, అక్కడ అది మామూలు. కాబట్టి నువ్వు ఉండిపోయినంత మాత్రాన మీ పాత కోఆర్డినేటరేం కుమిలిపోడు, రెండ్రోజుల్లో ఇంకొకడిని చూసుకుంటాడు. నిజంగా నొచ్చుకుంటాడంటే నువ్వు ఫోన్ ఎత్తనందుకు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఈ గొలుసులో అందరూ కలిసే పడతారు గానీ అందరికీ దెబ్బ ఒకేలా తగలదు. జార్జియా యూనివర్సిటీలో హెడ్ కోచ్ కిర్బీ స్మార్ట్‌కి ఏడాదికి దగ్గర దగ్గర 13 మిలియన్ డాలర్లు. టెక్సస్ ఏ అండ్ ఎం 2023లో తన కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేయడానికి 76 మిలియన్లకి పైగా ఒప్పుకుంది, పని చేయించుకోవడానికి కాదు, చేయకుండా ఉండటానికి! 2025 అక్టోబర్‌లో పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు బైఅవుట్ (గడువుకి ముందే పంపించేసినందుకు ఇచ్చే సొమ్ము) 49 మిలియన్ల దాకా అన్నారు, ఆయన ఐదు వారాలకే వర్జీనియా టెక్‌లో చేరేసరికి అది 9 మిలియన్లకి తగ్గింది, ఎందుకంటే కొత్త జీతం వస్తే పాతవాళ్లు ఇచ్చేది కోసుకుంటారు, అది కాంట్రాక్టులోనే రాసుంటుంది. కోఆర్డినేటర్లకీ అంతో ఇంతో రాతకోతలుంటాయి. ఒహాయో స్టేట్‌తో టైటిల్ గెలిచిన జిమ్ నోల్స్ 2025లో ఏడాదికి 3.1 మిలియన్లకి పెన్ స్టేట్ వెళ్లాడు, వెళ్లిన మొదటి సీజన్ సగంలోనే పైనున్న ఫ్రాంక్లిన్ పోయాడు. అంత పేరున్నవాడికీ ఆ కుర్చీ అంతే గట్టిది. కాకపోతే నీ ఆఫర్ లెటర్ తీసి చూడు, "అట్ విల్" అన్న మాట ఎక్కడో ఉంటుంది, అంటే ఎప్పుడైనా పొమ్మనొచ్చని. "మనమంతా ఫ్యామిలీ" అని మీటింగ్ రూమ్ గోడ మీద రాసుంటుంది చూడు, ఆ ఫ్యామిలీలో ఆస్తి పంపకాలు అయిపోయాయి, నీ వాటా నీకు తెలుసు. సీజన్‌లో వారానికి 80 గంటలు చేశానని రాశావు, 46 వేలని ఆ లెక్కన భాగిస్తే గంటకి 11 డాలర్లు.

ఇక అనలిస్ట్ అన్న హోదా గురించి. నువ్వు రాసిన తీరు చూస్తే అఫెన్స్ రూమ్ అనలిస్ట్ అంటే గౌరవం, రిక్రూటింగ్ డేటా అంటే వెనక బెంచీ అని నీ మనసులో ఉంది. ఆ లెక్క పాతది. నిక్ సబన్ అలబామాలో ఉన్నప్పుడు ఉద్యోగం పోయిన పెద్ద కోచ్‌లకి అనలిస్ట్ సీటే ఆశ్రమం. బచ్ జోన్స్‌ని టెనసీ 2017లో తీసేసింది, ఎనిమిది మిలియన్లకి పైగా బైఅవుట్, మరుసటి ఏడాది అలబామాలో 35 వేల డాలర్ల జీతానికి అనలిస్ట్‌గా కూర్చున్నాడు. ఎక్కువ తీసుకుంటే ఆ బైఅవుట్‌లో కోత పడుతుంది మరి. కాబట్టి అలాంటోళ్ల జీతం చూసి అనలిస్ట్ రేటు ఇంతే కాబోలు అనుకోకు, వాళ్ల లెక్క వేరు. అప్పట్లో అనలిస్ట్ ఫీల్డ్ మీద ఆటగాళ్లకి ఏం చెప్పకూడదు, హెడ్ కోచ్ కాక పదిమంది అసిస్టెంట్లకే ఆ హక్కు. 2024 జూన్‌లో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంఘం) ఆ అడ్డు తీసేసింది, ఇప్పుడు అనలిస్టులూ గ్రౌండ్‌లో కోచింగ్ ఇవ్వొచ్చు, బయటికెళ్లి రిక్రూట్ చేయడానికి మాత్రమే ఆ పదిమంది పరిమితి ఉంది. నీకర్థమైందా దీని ఫలితం? అఫెన్స్ రూమ్‌లో నీ కుర్చీ ఇప్పుడు మాజీ క్వార్టర్‌బ్యాక్‌కి కావాలి, ఉదయం ప్రాక్టీస్‌లో బంతి విసిరి చూపించగలిగి సాయంత్రం ఫిల్మ్ కోయగలిగేవాడికి. జీవితంలో ఒక్క స్నాప్ ఆడని నువ్వు ఆ పోటీలో ఎంత దూరం పోతావో నువ్వే ఆలోచించు. ప్లే పిలిచే కోచ్ అవ్వాలని నీకేమైనా కోరికుంటే చెప్పు, ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. నీకు నచ్చింది డేటా.

ఆ డేటాకి డబ్బెక్కడుందో చూడు. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ సెటిల్‌మెంట్ (ఆటగాళ్లు వేసిన కేసులో రాజీ) ఆమోదించాక జూలై 1 నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి 20.5 మిలియన్ల దాకా అన్ని ఆటలకీ కలిపి, ఫుట్‌బాల్ టీమ్‌లో 105 మంది దాకా. అంటే ఏ కుర్రాడికి ఎంత, వాడు అంతకి తగినవాడేనా, పోర్టల్లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) వచ్చిన మరొకడు తక్కువకి దొరుకుతాడా అన్నది ఇప్పుడు రోజువారీ లెక్క. 2026లో పోర్టల్ జనవరి 2 నుంచి 16 దాకా రెండు వారాలే, ఆ రెండు వారాల్లో వందల పేర్లు వడపోయాలి. అందుకే ఎవర్ని ఎంతకి తీసుకోవాలో చూసే జనరల్ మేనేజర్లు పుట్టుకొచ్చారు. స్టాన్‌ఫోర్డ్‌లో ఆండ్రూ లక్, నార్త్ కరోలినాలో కోచ్ బెలిచిక్ పిలిపించుకున్న మైకేల్ లొంబార్డీ, ఏడాదికి మిలియన్నర. మీ నాన్న యార్డులో మిర్చి బస్తాలోంచి గుప్పెడు తీసి, రంగూ తొడిమా చూసి ఇది ఏ రేటు పలుకుతుందో చెప్తాడు కదా, నీకు ఇస్తామంటున్న పని సరిగ్గా అదే. ఆయనకి ఫోన్లో ఇలా చెప్పి చూడు, బంతాట అన్నమాట మళ్లీ అంటాడేమో.

అలాగని అక్కడ ఉండిపోవడం పూలబాట అనుకోకు. కొత్తవాళ్లకి నువ్వు పాతవాళ్ల మనిషివి. వాళ్ల సొంత డేటా కుర్రాడు ఎవడో వాళ్ల పాత స్కూల్లో ఉండే ఉంటాడు, ఈ పోర్టల్ హడావుడి తగ్గి స్ప్రింగ్ ప్రాక్టీస్ అయ్యాక వాణ్ణి పిలిపించుకోరని ఏమీ లేదు. పైగా ఆటగాళ్లకిచ్చే డబ్బు ఎక్కణ్ణుంచో తేవాలి కాబట్టి ఆఫీసు స్టాఫ్ మీద కత్తి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అందుకని ఉండేటట్టయితే రెండు మాటలు అడగాలి. ఆ పోస్టు ఫుట్‌బాల్ ఆఫీసు బడ్జెట్‌లోదా, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌దా? డిపార్ట్‌మెంట్‌దైతే రేపు ఈ కోచ్ పోయినా బాస్కెట్‌బాల్‌కో బేస్‌బాల్‌కో మారడానికి దారుంటుంది. రెండోది, హెచ్1బి చేస్తారా? యూనివర్సిటీలకి లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు, కానీ చాలాచోట్ల స్టాఫ్‌కి చేయం అని పాలసీ పెట్టుకుంటారు, కొన్నిచోట్ల అథ్లెటిక్స్ వేరే అసోసియేషన్‌గా ఉంటుంది, అప్పుడు జీతం ఇచ్చేది ఎవరు, ఆ లాటరీ మినహాయింపు వాళ్లకి వర్తిస్తుందా అన్నది తేల్చుకోవాలి. ఇక్కడే నీకు తెలీని లాభం ఒకటుంది, "డేటా అనలిస్ట్" అన్న చప్పటి పేరుకి నీ ఎంఎస్ డిగ్రీ అతికినట్టు సరిపోతుంది, "అఫెన్సివ్ అనలిస్ట్" అంటే ఆఫీసరుకి ఈ పనికి ఆ డిగ్రీ ఎందుకో మొదట్నుంచీ చెప్పుకురావాలి. టైము మాత్రం చూసుకో. లాటరీ వాళ్లకున్న క్యాప్ గ్యాప్ (ఓపీటీ అయిపోయినా హెచ్1బి మొదలయ్యేదాకా పనిచేసుకోనిచ్చే వెసులుబాటు) యూనివర్సిటీ పిటిషన్‌కి రాదు, అక్టోబర్‌లోపు అప్రూవల్ చేతికి రావాలి.

పాత కోచ్ దగ్గరికి వెళ్లడం. మనసు అటే లాగుతోందని తెలుస్తూనే ఉంది, తప్పేం లేదు, నీ మీద నమ్మకమున్న మనిషి పైకి వెళ్తుంటే వెంట వెళ్లడం ఈ లైన్‌లో ఎదిగే దారుల్లో ముఖ్యమైనదే, చిన్న స్కూల్లో నాలుగు పనులు నీ చేతి మీద నడుస్తాయి, రెండేళ్లలో ఆయన పెద్దచోటికి వెళ్తే నువ్వూ వెళ్తావు. ఆయన ఓడిపోతే మళ్లీ అట్టపెట్టె. ఆ జూదం ఆడొచ్చు, నీ వయసులో ఆడకపోతే ఎప్పుడాడతావు. కానీ "జూలైదాకా కాంట్రాక్టర్" అన్న ముక్క నీ పీకకి చుట్టుకుంటుంది. స్టెమ్ ఓపీటీలో ఉన్నవాడికి జీతం ఇచ్చే యజమాని ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు, ఆ సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పని అనుమతి ఉందో లేదో చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతి) ఉండాలి, ఐ-983 ఫారంలో ఏం నేర్పిస్తారో రాసి సంతకం పెట్టాలి, కంపెనీ మారిన పది రోజుల్లో కొత్తది మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఇవ్వాలి. సొంతంగా బిల్లు పంపుకునే కాంట్రాక్టర్ పని ఇందులో ఇమడదు. ఇమడకపోతే ఆ రోజులన్నీ ఉద్యోగం లేని రోజులకింద లెక్క. నీకు మొత్తం 150 రోజులు, 41 పోగా 109 మిగిలాయి. ఫిబ్రవరి 1 నుంచి లెక్కపెట్టుకో, మే 20కి అయిపోతాయి. జూలై 1 కొత్త బడ్జెట్ వచ్చేసరికి నీకు స్టేటస్సే ఉండదు. ఆయనకి ఇవేం తెలీదు తమ్ముడూ, కావాలని చేస్తున్నాడని నేననను, అమెరికా కుర్రాళ్లతో ఎప్పుడూ ఇలాగే సర్దుకుని ఉంటాడు. జీతం 62 కాకపోయినా 45కైనా సరే, ఫిబ్రవరిలోనే పేరోల్‌లో పెట్టగలడా అన్నది ప్రశ్న. పెడితే ఈ దారి నిజమైన దారి, లేకపోతే లేనట్టే.

డాలస్ గురించి నేను ఎక్కువ చెప్పను, మన వాళ్లకి తెలీని కథ కాదు. 95 వేలకి నిజమైన క్లయింటు దగ్గర నిజమైన పని ఉంటే, లోన్ రెండేళ్లలో తీరిపోతుంది, నాన్నకి పొలం కాగితాలు చేతికొస్తాయి, అది చిన్న విషయం కాదు, నీ ఇష్టం కోసం దాన్ని తేలిగ్గా తీసేయడం నాకూ నచ్చదు. కానీ "ఎక్స్‌పీరియన్స్ మేం చూసుకుంటాం" అంటే లేని అనుభవం రెజ్యూమెలో రాస్తామని. అది నీ పేరు మీద ఉంటుంది, వాళ్ల పేరు మీద కాదు, రేపు హెచ్1బికి, ఎల్లుండి గ్రీన్‌కార్డుకి అదే కాగితం బయటికి తీస్తారు. బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వకపోతే ఆ 109 రోజులే కరుగుతాయి. హెచ్1బి కూడా మార్చి లాటరీలో తగిలితేనే. 95 మీద నీకు మనసుంటే నీ అసలు అనుభవంతోనే మామూలు కంపెనీలకి అప్లై చెయ్యి, "వారానికి వెయ్యి ప్లేలు ట్యాగ్ చేసి, సోమవారం పొద్దునకి కోచ్ చేతికి ఒక పేజీ ఇచ్చేవాణ్ణి" అని చెప్పగలిగిన అనలిస్టులు ఎంతమంది ఉంటారు? నీ రెజ్యూమెకి అబద్ధం అవసరం లేదు.

నిశ్చితార్థం మాట. హెచ్1బి స్టేటస్ మార్పు పిటిషన్ నడుస్తుండగా దేశం దాటితే ఆ మార్పు అడిగింది రద్దయినట్టే, తర్వాత బయట్నుంచి వీసా స్టాంపుతో రావాలి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు కూడా ఆ బయట్నుంచి వచ్చేవాళ్ల మీద పడేదే, లోపలే ఉండి మార్చుకునేవాళ్లకి లేదని ఇమిగ్రేషన్ వాళ్లు అక్టోబర్‌లో చెప్పారు, అయినా లాయరుతో ఒక్క గంట మాట్లాడకుండా టికెట్ కొనకు. అమ్మాయి వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పు. తాంబూలాలు పెద్దవాళ్లు మార్చుకోవచ్చు, నువ్వు వీడియోలో ఉండొచ్చు. ఉద్యోగం సంగతి దాచిపెట్టి మేలో ఉంగరం తొడిగితే మాత్రం అది ద్రోహం, నువ్వు అడిగిన ఆ పదం అక్కడ సరిపోతుంది.

నా మనసులో మాట అడిగితే, ఈ వారం 50 వేల పోస్టు చేతిలోంచి పోనివ్వకుండా పట్టుకుని, మిగతా రెండిటినీ కాగితం మీదకి రమ్మంటాను. అది నా తీరు, నేను జీతాల కాగితాల మధ్య బతికినదాన్ని, నీకు జూదం సరదా ఉంటే నాతో ఒప్పుకోనక్కర్లేదు.

ముందు మాత్రం ఆయనకి ఫోన్ చెయ్యి, ఇవాళే. మూడుసార్లు చేశాడంటే నువ్వు కావాలనే కదా. థాంక్స్ చెప్పు, ఆ 109 రోజుల లెక్క ఆయనకి ఒకసారి వివరంగా చెప్పు, ఫిబ్రవరి 1కి పేరోల్ కుదురుతుందా, మీ యూనివర్సిటీ ఈ-వెరిఫైలో ఉందా అని అడుగు. ఆయన "కనుక్కుని చెప్తా" అంటే ఎప్పటికి అని కూడా అడుగు. శుక్రవారంలోపు వాళ్ల హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే నాకు మళ్లీ రాయి, రాకపోయినా రాయి.